సైకిలు నుండి స్కూటరు దాకా: మన మూడు తాలూకాల బండ్ల ముచ్చట

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యవర్గం వారు అడిగారు. పి.ఆర్.సి.లు, డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డుల గురించి సాధికారంగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను వారి జోలికి పోకుండా, ఉద్యోగ జీవితమంతా మనల్ని మోసిన వాటి గురించి రాద్దామనుకున్నాను. అవే మన బండ్లు. సైకిలు, ఫట్‌ఫటీ, స్కూటరు, మోపెడు. వాటితోపాటు ఆ రోజుల్లో మగవాళ్లు మనసు పడ్డ చేతి గడియారం, ఆట బ్యాటు కూడా.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఇప్పుడు మూడు జిల్లాల కేంద్రాలు. 2016 అక్టోబరు 11కు ముందు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. నేను 1967లో పంచాయతీ సమితిలో గ్రామసేవక్‌గా చేరి, 2004లో పదవీ విరమణ చేసేదాకా ఈ మూడు ప్రాంతాల్లోనే బదిలీల మీద తిరిగాను. కనుక ఇందులో కొంత అందరికీ తెలిసిన చరిత్ర, కొంత నేను కళ్లారా చూసినది.

బండ్ల సంగతి ఎత్తగానే ఏ బండి ఎంత స్పీడు పోయేదని అడుగుతారు మన మనుమలు. మన పాలమూరు నేల మీద బండి విలువ దూరాన్ని బట్టి ఉండేది. ఊరికీ ఆఫీసుకూ మధ్య దూరం ఒకటి, మన కోరికకూ మన జీతానికీ మధ్య దూరం మరొకటి. ఈ రెండో దూరాన్ని పూడ్చింది చాలా ఇళ్లలో ఆడవాళ్లు. ఆ మాట కూడా చరిత్రలో నమోదు కావాలన్నదే నా కోరిక.

సంస్థానాల కాలం

నిజాం రాజ్యంలో గద్వాల, వనపర్తి సంస్థానాలు. నాగర్‌కర్నూలుకు దక్షిణాన కొల్లాపురంలో జటప్రోలు సంస్థానం. రాజావార్లకు ఏనుగులు, గుర్రాలు, మేనాలు, ఆ తరువాత మోటార్లు. మన పాత జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండులో రోల్స్‌రాయిస్ కారు ఒకటి తయారు చేయించారు. పసుపు పచ్చని రంగు, లోపల సింహాసనం వంటి ఆసనం. ఆయన 1911లో కాలం చేశారు. కారు ఆ తరువాత గాని హైదరాబాదు చేరలేదు. ఎంతటి ప్రభువుకైనా కోరుకున్న బండి కోరుకున్న వేళకు అందదన్నమాట!

సామాన్యుడికి ఎడ్లబండే గతి. కాస్త కలిగినవారికి సవారీ కచ్చరం. ఊళ్లో మగవాడి దర్జా అంతా ఎద్దుల జోడిలోనే కనిపించేది. జాతరల్లో బండలాగుడు పోటీలకు కృష్ణ, తుంగభద్రల నడుమ నడిగడ్డలో ఉన్న మోజు ఇప్పటికీ తగ్గలేదు. గెలిచిన జోడి కొమ్ములకు కుచ్చులు కట్టి ఊరేగించేవారు. ఈనాడు కొత్త బైకుకు పూలదండ వేసి గుడి ముందు నిలబెట్టడంలో ఉన్నదీ ఆ సంబరమే.

పది మందీ ఎక్కే మోటారు మన రాజ్యంలో 1932లో వచ్చింది. నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ ఆ ఏడు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. బస్సు నంబరులో కనిపించే ‘జడ్’ అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని పెద్దలు చెప్పుకునేవారు. అదే సంస్థ 1958 జనవరి 11న ఏ.పి.ఎస్.ఆర్.టి.సి. అయింది. ఇక రైలు చూస్తే, సికింద్రాబాదు నుండి కర్నూలు వైపు వెళ్లే మీటరుగేజీ లైను మీద గద్వాల స్టేషను ఉండేది. వనపర్తి వారికి స్టేషను ఊరికి దూరంగా మదనాపురంలో. పేరుకు ‘వనపర్తి రోడ్’, దిగితే రోడ్డే తప్ప వనపర్తి ఉండదు! నాగర్‌కర్నూలు వారికి ఆ భాగ్యం కూడా లేదు. బస్సు దిగిన చోట నుండి, రైలు దిగిన చోట నుండి మిగిలిన దూరం ఎలా పోవాలి? ఆ ప్రశ్నకు మన తరానికి దొరికిన మొదటి జవాబు సైకిలు.

సైకిలు రాజ్యం

మొదట్లో సైకిలు అంటే సీమ సరుకు. ర్యాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. అన్నీ ఇంగ్లండు పేర్లు. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో కంపెనీలు ఏర్పడ్డాయి. అప్పటినుండి సైకిలు గుమాస్తా చేతికి అందింది. అయినా జీతంలో కొనలేం. సర్కారు సైకిలు అడ్వాన్సు ఇస్తే, నెలనెలా జీతంలో పట్టుకునేవారు.

నేను చేరిన కొత్తలో గ్రామసేవక్ చేతికింద పది పన్నెండు ఊళ్లు. క్యారియరు మీద విత్తనాల సంచి, హ్యాండిలుకు రిజిస్టర్ల సంచి, ఒక్కోసారి వీపున మందు కొట్టే పంపు. గట్టు, ధరూరు వైపు ఎర్ర దుబ్బలో చక్రం దిగబడితే సైకిలును మనమే మోసేవాళ్లం. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు టైరుకు కాలయములు. సంచిలో సొల్యూషను గొట్టం, ఉప్పుకాగితం, పాత ట్యూబు ముక్క, చేతి పంపు లేకుండా బయలుదేరిన గ్రామసేవక్‌ను నేను చూడలేదు. బావి దగ్గర బకెట్టు నీళ్లలో ట్యూబు ముంచి బుడగలు చూసి, రంధ్రం పట్టుకుని అతుకు వేయడం వ్యవసాయ శిక్షణలో లేని పాఠం. అది రానివాడు ఉద్యోగం చేయలేడు.

ఏరు అడ్డం వస్తే పుట్టి ఎక్కాలి. వెదురు అల్లిన గుండ్రటి పుట్టిలో సైకిలును అడ్డంగా పడుకోబెట్టి, దాని చుట్టూ మనుషులు కూర్చుంటే, పుట్టి గిర్రున తిరుగుతూ కృష్ణ దాటేది. బీచుపల్లి వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవడం కంటే ఇదే దగ్గర దారి. 1990ల్లో జూరాల పూర్తయ్యాక ఆనకట్ట మీదుగా ఆత్మకూరు, గద్వాల కలిశాయి. పుట్టి ప్రయాణాలు అప్పటినుండి తగ్గుముఖం పట్టాయి.

సైకిలుకూ కొన్ని చట్టాలుండేవి. మునిసిపాలిటీ పన్ను కట్టి రేకు బిళ్ల తగిలించాలి. చీకటి పడితే దీపం ఉండాలి. డైనమో కొనలేనివారు కిరసనాయిలు దీపం పెట్టుకునేవారు. ఇద్దరెక్కితే పోలీసు జవాను పట్టుకునేవాడు. ఇక గంటకు అద్దె సైకిళ్ల షాపులు లేని వీధి ఉండేది కాదు. మన పిల్లల్లో చాలామంది నేర్చుకున్నది ఆ అద్దె సైకిలు మీదే, అదీ కడ్డీ కింద నుండి కాలు దూర్చి తొక్కుతూ.

సైకిలు ఎక్కింది ఉద్యోగులే అనుకోరాదు. గద్వాల మగ్గాల మీద చీర నేసిన ఇంటివారు మూట కట్టి క్యారియరు మీద పెట్టుకుని షావుకారు దగ్గరికి వెళ్లేవారు. పాలవారు, పోస్టు జవాన్లు, బడిపంతుళ్లు అందరూ దాని మీదే. మన ప్రాంతంలో మొదట ఊరి గడప దాటించిన యంత్రం సైకిలే.

చేతి గడియారం, అల్లుడి అలక

1961లో ఒక విచిత్రం జరిగింది. ఆ ఏడాదే బెంగళూరులో హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో చేతి గడియారాల తయారీ మొదలుపెట్టారు. ఆ ఏడాదే పార్లమెంటు వరకట్న నిషేధ చట్టం చేసింది. గడియారం చేతికి ఎక్కింది, చట్టం పుస్తకంలో ఉండిపోయింది. పెళ్లి మాటల్లో ‘సైకిలు, వాచీ, రేడియో’ అన్నది ఒకే ఊపిరిలో పలికే మాట అయింది. పెళ్లి పందిట్లో అల్లుడు అలగడం, మామ గారు బావమరిదిని కర్నూలుకో రాయచూరుకో పరుగెత్తించడం మన వయసువారు చూడనిది కాదు. వాచీ హెచ్.ఎం.టి. జనతానా, సీమ వాచీయా అన్నదాన్ని బట్టి సంబంధం విలువ కట్టేవారు. ఆ వాచీ వెనుక ఒక ఎకరం చెలకో, అత్తగారి కడియాలో ఉండేవి. కట్టుకున్నవాడికి టైము కనిపించేది, ఆ కడియాలు కనిపించేవి కావు.

పొద్దున లేవగానే కీ ఇచ్చుకునే ఆ గడియారాలు ఇరవై, ముప్పై ఏళ్లు నడిచాయి. మన రాజధానిలోని హైదరాబాద్ ఆల్విన్ వారు కూడా 1980ల్లో జపాను సైకో కంపెనీతో కలిసి గడియారాలు చేశారు. ఆ సంస్థ 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదిన్ కుటుంబం కలిసి పెట్టినది. ఆర్.టి.సి. బస్సు బాడీల నుండి ఫ్రిజ్‌ల దాకా అక్కడ తయారయ్యాయి. హెచ్.ఎం.టి. వాచీ ఫ్యాక్టరీల మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. నా జనతా మాత్రం ఇంకా బీరువాలో ఉంది. కీ ఇస్తే నడుస్తుంది.

సాయంత్రం క్లబ్బు

ఆట సామాను మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. ఆఫీసర్స్ క్లబ్బులో సాయంత్రం అయిదున్నరకు బాల్ బ్యాడ్మింటన్. క్రికెట్టు ఇంకా మన తాలూకాలకు టి.వి. ద్వారా రాలేదు. పసుపు పచ్చని ఊలు బంతి, జట్టుకు అయిదుగురు, గేముకు 29 పాయింట్లు. మైదానం నీళ్లు చల్లి చదును చేస్తే చాలు, గాలి వీచినా ఆట సాగుతుంది. మన ఎర్రమట్టి నేలకు పుట్టిన ఆట అనిపించేది. గట్టు తీగలు బిగించిన సొంత బ్యాటు ఉన్నవాడు క్లబ్బులో జమీందారు. వానకు తీగలు వదులవుతాయని బ్యాటును చెక్క చట్రంలో బిగించి, గుడ్డ సంచిలో పెట్టి, ఇంట్లో దేవుడి గూటి పక్కన తగిలించేవారు. ఆ ఒక్క గంట తహసీల్దారు, గుమాస్తా ఒకే జట్టు. ఆఫీసులో ‘సార్’ అన్న నోటితోనే మైదానంలో ‘వదులు, నాది’ అని అరిచేవాళ్లం.

ఫట్‌ఫటీలు

మోటారు సైకిలును మా ఊళ్లలో దాని చప్పుడుతోనే పిలిచేవారు, ఫట్‌ఫటీ అని. మొదట చూసింది బుల్లెట్టు. 1955లో మద్రాసు మోటార్స్ వారు ఇంగ్లండు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపించాక బుల్లెట్లు మన దేశంలో తయారయ్యాయి. మిలిటరీకి, పోలీసులకు, ఆ తరువాత భూస్వాములకు అందాయి. కుడికాలితో గేరు, ఎడమకాలితో బ్రేకు. స్టార్టు చేయడం ఒక విద్య. చిన్న మీట నొక్కి, ఆమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కును మెల్లగా దించి, అప్పుడు ఒక్కసారి కొట్టాలి. లేకపోతే కిక్కు తిరిగి మోకాలికి తగిలేది. ఎస్.ఐ. గారి బుల్లెట్టు ఊరి పొలిమేరలో ఉండగానే సారా బట్టీల వాళ్లు సర్దుకునేవారు. అందువల్ల ఆ చప్పుడు ప్రభుత్వానికి ఎంత గౌరవం తెచ్చిందో అంత నష్టమూ తెచ్చిందని ఒక పాత జమేదారు నవ్వుతూ చెప్పేవాడు.

కుర్రకారుకు మాత్రం జావా. చెకోస్లొవేకియా బండి. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961లో తయారీ మొదలుపెట్టింది. 250 సీసీ, రెండు సైలెన్సర్లు, మిలమిలలాడే ట్యాంకు. కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా, స్టార్టు చేశాక దాన్ని ముందుకు వంచితే గేరు. ఆ ఒక్క విచిత్రం చూడటానికే జనం మూగేవారు. 1973 నుండి అదే బండి యెజ్డీ అయింది. గద్వాల వారికి రాయచూరు, కర్నూలు రెండూ దగ్గరే కనుక బండి గాని, స్పేరు పార్టులు గాని అక్కడినుండే తెచ్చుకునేవారు. వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో 1959లో పాలిటెక్నిక్ పెట్టాక, సెలవు రోజున హాస్టలు ముందు ఎవరిదో ఒక జావాను విప్పి, మళ్లీ బిగించడం విద్యార్థులకు వినోదం. బిగించాక నాలుగు నట్లు మిగిలేవని ఒక జోకు కూడా ఉండేది.

మూడోది రాజ్‌దూత్. ఎస్కార్ట్స్ వారు పోలండు బండి నమూనాతో 1962 నుండి చేసినది. అందంలో జావాకు, దర్జాలో బుల్లెట్టుకు చాలదు. కానీ మొరటు బండి. పాల క్యాన్లు కట్టినా, మేకపిల్లను కట్టినా గొణక్కుండా పోయేది. 1973లో ‘బాబీ’ సినిమా వచ్చాక అదే కంపెనీ చిన్న రాజ్‌దూత్‌కు ఆ పేరే నిలిచిపోయింది. ఆ సినిమా చూసి బండి కొన్నవారూ ఉన్నారు, బండి కొనలేక సినిమా మళ్లీ మళ్లీ చూసినవారూ ఉన్నారు. నేను రెండో బాపతు.

బి.డి.ఓ. గారికి జీపు. అది ఆఫీసు బండి. ఆయన దౌరాకు వెళ్తే వెనుక సీటులో చోటు దొరికిన గుమాస్తా ఆ వారమంతా దాని గురించే చెప్పేవాడు.

స్కూటరు కోసం తపస్సు

ఉద్యోగికి అసలైన కల స్కూటరు. బొంబాయి ఏ.పి.ఐ. వారి లాంబ్రెటా, పూనా బజాజ్ వారి వెస్పా, 1972 నుండి చేతక్. ఎన్ని స్కూటర్లు తయారు చేయాలో కంపెనీకి చెప్పేది ప్రభుత్వమే. 1951 పారిశ్రామిక చట్టం కింద లైసెన్సు ఎంతకుంటే అంతే తయారీ. ఎవరికి అమ్మాలో చెప్పడానికి 1960లో స్కూటర్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. కావాలన్నవాడు పోస్టాఫీసులో డిపాజిట్టు కట్టి, పేరు నమోదు చేసుకుని, వరుసలో నిలబడాలి. వరుస ఎనిమిదేళ్లు, పదేళ్లు. విదేశీ మారకంలో డబ్బు కట్టినవారికి వెంటనే దొరికేది. కనుక అమెరికాలో బంధువున్నవాడు అదృష్టవంతుడు. షోరూములో కొత్త బండి ధర కంటే బయట పాత బండి ధర ఎక్కువ పలికిన కాలమది. ఇప్పటి పిల్లలకు చెబితే లెక్క తప్పు చెబుతున్నాననుకుంటారు.

నేను 1974లో బుక్ చేస్తే 1982లో నంబరు వచ్చింది. అప్పటికి పెద్దవాడు బడికి పోతున్నాడు. సర్కారు అడ్వాన్సు మంజూరైంది గాని, అది ధర మొత్తానికి సరిపోదు. మా ఇంట్లో రెండు పేటల గొలుసు వనపర్తి షావుకారు దగ్గరికి వెళ్లింది. అడ్వాన్సు నిబంధన ప్రకారం బండి గవర్నరు గారి పేర తాకట్టు. గొలుసు షావుకారు దగ్గర తాకట్టు. ‘ముందు చక్రం గవర్నరుది, వెనుక చక్రం షావుకారుది, నడుపుడు మీది, నాదేముంది?’ అని మా ఇల్లాలు అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే తెలివి నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. గొలుసు ఇంటికి రావడానికి మూడేళ్లు పట్టింది. మన సభ్యుల ఇళ్లలో విచారిస్తే ఇలాంటి గొలుసులు, గాజులు ఎన్ని చక్రాల కింద ఉన్నాయో తెలుస్తుంది. స్కూటరు కంపెనీల చరిత్రల్లో ఆ పెట్టుబడి లెక్క రాయరు.

మన రాష్ట్రానికీ ఒక స్కూటరు ఉండేది, ఆల్విన్ పుష్పక్. ప్రభుత్వ రంగంలోని లక్నో కంపెనీ విజయ్ సూపర్‌కు తోబుట్టువు. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుండేది పురాణంలోని పుష్పక విమానం. పేరు పెట్టినవారికి మన సంసారాల సంగతి బాగా తెలుసు. ముందు నిలబడ్డ పిల్లవాడు, సీటు మీద తండ్రి, నడుమ ఆడపిల్ల, వెనుక ఒకవైపుకు కూర్చున్న తల్లి, ఆమె ఒడిలో చంటిది, స్టెప్నీ మీద కూరగాయల సంచి. పొద్దున బండి స్టార్టు కాకపోతే పక్కకు వంచి, పెట్రోలు దిగిందనుకున్నాక కిక్కు కొట్టడం నాటి గృహస్థు వ్యాయామం. పెట్రోలు బంకులో ఆయిలు కలిపి పోయించుకోవడం, ప్లగ్గు విప్పి ఉప్పుకాగితంతో రుద్దడం, డిక్కీలో స్పేరు క్లచ్ వైరు దాచుకోవడం మరిచిపోయేవి కావు.

1983లో పదవీ విరమణ వయసు 58 నుండి 55కు తగ్గినప్పుడు, అడ్వాన్సు వాయిదాలు ఇంకా తీరని సీనియర్లు కొందరు నాకు తెలుసు. మిగిలిన బాకీ గ్రాట్యుటీలో తెగింది. స్కూటరు మాత్రం మిగిలింది. 1985లో మండలాలు వచ్చాక ఆఫీసు ఊళ్లకు కొంత దగ్గరైంది. అయితే అప్పటికి బండి లేని ఉద్యోగిని ఊరివాళ్లు కూడా చులకనగా చూసే రోజులు వచ్చేశాయి.

వంద సీసీల వరద

1980ల మొదట్లో కేంద్రం చిన్న బండ్ల తయారీకి విదేశీ సహకారం అనుమతించింది. 1984 నుండి 1986 లోపల ఇండ్-సుజుకీ, హీరో హోండా, యమహా ఆర్.ఎక్స్. 100, కవాసాకి బజాజ్ ఒకదాని వెంట ఒకటి దిగాయి. అన్నీ జపాను ఇంజన్లే. హీరో హోండా లీటరుకు 80 కిలోమీటర్లని చెప్పి లెక్కలు చూసుకునే ఉద్యోగి మనసు దోచింది. ఆర్.ఎక్స్. 100 కుర్రవాడి మనసు దోచింది. తేలిక బండి, చురుకైన ఇంజను, దూరం నుండే గుర్తుపట్టగల సైలెన్సరు చప్పుడు. దాని తయారీ 1996లో ఆగింది. అదే ఏడాది మైసూరులో యెజ్డీ తయారీ కూడా ఆగింది. అయినా గద్వాల వీధుల్లో ఆర్.ఎక్స్.ను కన్నబిడ్డలా తుడుచుకునే మెకానిక్కులు నేటికీ ఉన్నారు. 1991 సంస్కరణలతో వరుసలూ, కోటాలూ పోయాయి. డబ్బుంటే సాయంత్రానికి బండి ఇంటి ముందు ఉంటుంది. డబ్బు లేకపోతే ఫైనాన్సు.

ఇంత హడావుడిలో ఎవరూ మెచ్చుకోని బండి ఒకటుంది, మోపెడు. 1972లో లూనా, 1980లో టి.వి.ఎస్. 50. వేగం లేదు, దర్జా లేదు. కానీ బిజినేపల్లి నుండి పాలు, పెబ్బేరు సంతకు కోళ్లు, పొలానికి యూరియా బస్తా మోసింది అదే. ఫట్‌ఫటీ మగవాడి మీసమైతే, మోపెడు వాడి భుజం.

వేగానికి కట్టిన వెల

ఇక బాధాకరమైన సంగతి. 1980ల చివర మా ఆఫీసులో నాతో పనిచేసిన ఒక మిత్రుడు కొత్త వంద సీసీ బండి కొన్నాడు. నెమ్మదైన మనిషి. ఒక రాత్రి కొత్తకోట వైపు నుండి ఇంటికి వస్తూ, రోడ్డు పక్కన లాంతరు లేకుండా ఆగివున్న ఎడ్లబండిని చీకట్లో చూడలేదు. తలకు దెబ్బ. హెల్మెట్టు లేదు. అప్పట్లో మా ఆఫీసులో ఎవరికీ లేదు. అది ఎండకు చెమట పట్టించే వస్తువనే అందరి అభిప్రాయం. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షనులో హెల్మెట్టు రాసివుంది గాని, మన తాలూకాల్లో దాన్ని అడిగినవారు లేరు.

అతనికి ముప్పై ఆరేళ్లు. ఇద్దరు చిన్న పిల్లలు. కుటుంబ పింఛను కాగితాలకు, నామినేషను కాగితాలకు మేము నలుగురం తిరిగాం. సర్వీసు రిజిస్టరులో భార్య పేరు సరిగా నమోదై ఉండటం వల్ల పని ఆగలేదు. కారుణ్య నియామకం కింద ఆమెకు మా ఆఫీసులోనే గుమాస్తా ఉద్యోగం వచ్చింది. పది దాకా చదివి ఉంది, గడప దాటి ఎరుగదు. మొదటి నెల తలెత్తి మాట్లాడలేదు.

రెండేళ్ల తరువాత ఆమె ఒక మోపెడు కొన్నది. మా ఊళ్లో ఆఫీసుకు బండి మీద వచ్చిన మొదటి ఆడమనిషి ఆమె. కొన్నాళ్లు బజారులో జనం నిలబడి చూశారు. మోపెడు మీద హెల్మెట్టు ఏమిటని నవ్వారు కూడా. ఆమె తీయలేదు. పిల్లలను బడిలో దించి, పదిన్నరకు ఆఫీసులో సంతకం పెట్టేది. ఆ పిల్లలు ఇద్దరూ ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. ఆమె సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసి, మన సంఘం సమావేశాలకు ఇప్పటికీ స్కూటరు మీదే వస్తుంది. నా జీవితంలో నేను చూసిన బండ్లలో అన్నిటికంటే దూరం పోయింది ఆమె మోపెడే.

1990ల్లో స్కూటీ, ఆ తరువాత యాక్టివా వచ్చాక గేరు లేని బండ్ల మీద మన కోడళ్లు, మనుమరాళ్లు బ్యాంకులకు, బళ్లకు, ఆసుపత్రులకు వెళ్తున్నారు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ ఆర్.టి.సి.లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. తొంభై ఏళ్ల కిందట 27 బస్సులతో మొదలైన సంస్థ ఇది. మగవాడి సరంజామా అనుకున్న చక్రం మెల్లగా ఇంటిల్లిపాదిదీ అయింది. మన తరంలో గొలుసు తాకట్టు పెట్టిన ఆడవారు వెనుక సీటులో ఒకవైపుకు కూర్చున్నారు. వారి మనుమరాళ్లు హ్యాండిలు పట్టుకున్నారు.

నంబరు పలకలు, మన పని

బండి నంబరు పలక కూడా చరిత్ర పుస్తకమే. 1989 తరువాత మన జిల్లా బండి ‘ఏ.పి. 22’. 2014లో తెలంగాణ వచ్చాక ‘టి.ఎస్. 06’. కొత్త జిల్లాలతో నాగర్‌కర్నూలుకు 31, వనపర్తికి 32, జోగులాంబ గద్వాలకు 33. 2024 నుండి కొత్త బండ్లకు ‘టి.జి.’. ఒకే వాకిట్లో తాత, తండ్రి, మనుమడి బండ్లు వరుసగా నిలబెడితే రాష్ట్ర చరిత్ర చదువుకోవచ్చు. 2018లో జావా, 2020లో విద్యుత్తుతో నడిచే చేతక్, 2022లో యెజ్డీ మళ్లీ బజారులోకి వచ్చాయి. పేర్లు పాతవే, కొనేవారు మన మనుమలు.

సభ్యులకు నా మనవి మూడు మాటలు. మీ ఇంట్లో పాత ఆర్.సి. పుస్తకం, సైకిలు అడ్వాన్సు ఉత్తర్వు, స్కూటరు ముందు దిగిన ఫొటో ఉంటే పారేయకండి. సంఘం కార్యాలయానికి ఒక నకలు ఇవ్వండి. మన పిల్లలకు చూపించవచ్చు. రెండవది, పింఛను, నామినేషను కాగితాల్లో భార్య పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో ఈ నెలలోనే చూసుకోండి. మా మిత్రుని ఇంటిని నిలబెట్టింది ఆ ఒక్క పంక్తే. మూడవది, డెబ్బై దాటినా బండి వదలని మొనగాళ్లు మనలో ఉన్నారు, నాకు తెలుసు. చీకటి పడ్డాక బండి తీయకండి. పగలైనా హెల్మెట్టు పెట్టుకోండి. ఏటేటా లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి బయలుదేరేవారు, ఇచ్చేదాకా ఆ లైఫును జాగ్రత్తగా ఉంచుకోవాలి కదా!